మధ్యలో ఇంగ్లిష్ లేకుండా: జపనీస్ నుంచి జర్మన్‌లోకి

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. జపనీస్ సాహిత్యాన్ని జర్మన్ భాషలోకి తెచ్చిన పండితుల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. వాళ్ళ చదువు ఎలా సాగింది, ఉద్యోగం ఎలా నడిచింది, బల్ల ముందు కూర్చుని వాళ్ళు చేసే పని ఏమిటి, ఆ పని ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది. ఇదీ విషయం. జపాన్ ఎక్కడ, జర్మనీ ఎక్కడ, మధ్యలో మనమెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి. మన తెలుగు ఈ కథలోకి దానంతట అదే వస్తుంది.

ఒక గొడవతో మొదలుపెడతాను. 2000 జూన్ 30. జర్మనీలో జెడ్‌డీఎఫ్ టీవీలో 'లిటరారిషెస్ క్వార్టెట్' అని పుస్తకాల చర్చ వచ్చేది. నలుగురు కూర్చుని కొత్త పుస్తకాల మీద వాదించుకునేవారు. ఆ రోజు చర్చకు వచ్చింది హరుకి మురాకామి నవల. జర్మన్‌లో దాని పేరు 'గెఫేర్లిషె గెలీబ్టె', అంటే ప్రమాదకరమైన ప్రియురాలు. మార్సెల్ రైష్-రనిట్స్కీ అనే పెద్ద విమర్శకుడు ఆ పుస్తకాన్ని ఆకాశానికెత్తారు. జిగ్రిడ్ లోఫ్లర్ అనే విమర్శకురాలు ఇది సాహిత్యం కాదు, ఫాస్ట్‌ఫుడ్ అన్నారు. మాటా మాటా పెరిగింది, వ్యక్తిగత నిందల దాకా పోయింది. చివరికి ఆమె ఆ కార్యక్రమం నుంచే తప్పుకున్నారు. పత్రికల్లో చాలా రోజులు ఇదే చర్చ.

అసలు సంగతి ఆ తర్వాత బయటికొచ్చింది. వాళ్ళు పోట్లాడుకున్న వాక్యాలు జపనీస్ నుంచి వచ్చినవి కావు. నవలను ముందు ఇంగ్లిష్‌లోకి అనువదించారు, ఆ ఇంగ్లిష్ నుంచి జర్మన్ చేశారు. భాష చవకబారుగా ఉందని ఒకరంటే, కాదు అద్భుతమని ఇంకొకరు. ఎవరి భాష? మురాకామిదా? ఇంగ్లిష్ అనువాదకుడిదా? జర్మన్ అనువాదకులదా? ముగ్గురిలో ఎవరిని తిడుతున్నామో, ఎవరిని పొగుడుతున్నామో తేల్చుకోకుండానే దేశమంతా వాదించుకుంది. పేరు కూడా మారిపోయింది చూడండి. జపనీస్ పేరు 'సరిహద్దుకు దక్షిణాన, సూర్యుడికి పడమట'. ఆ పేరుతోనే, నేరుగా జపనీస్ నుంచి, ఉర్సులా గ్రేఫె చేసిన జర్మన్ అనువాదం రావడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇది ఒక్క పుస్తకం కథ కాదు. మురాకామిదే ఇంకో పెద్ద నవల ఉంది, కీ ఇచ్చే పిట్ట నవల, ఇంగ్లిష్‌లో 'ది విండ్-అప్ బర్డ్ క్రానికల్'. అది 1998లో జర్మన్‌లోకి వచ్చింది. అదీ ఇంగ్లిష్ నుంచే. ఇంగ్లిష్ ప్రచురణకర్తలు పుస్తకం మరీ పొడవైపోతోందని పరిమితి పెట్టారు. ఇంగ్లిష్ అనువాదకుడు సుమారు 25,000 పదాలు తీసేశారు, కొన్ని అధ్యాయాల క్రమం కూడా మారింది. ఆ కోత ఎవరికోసం? అమెరికా పాఠకుల కోసం. మరి దాన్ని భరించింది ఎవరు? జర్మన్ పాఠకులు కూడా. తమకు ఏం దక్కలేదో వాళ్ళకు తెలియనే తెలియదు. పూర్తి పాఠం నుంచి గ్రేఫె అనువాదం 2020లో వచ్చింది. అంటే 22 ఏళ్ళు.

ఇంకా వెనక్కి వెళ్దాం. 'గెంజి మొనొగతారి', అంటే గెంజి కథ. 11వ శతాబ్దం మొదట్లో జపాన్ రాజాస్థానంలో ఉన్న మురాసకి షికిబు అనే స్త్రీ రాసింది. 54 అధ్యాయాలు, మధ్యమధ్యలో 795 పద్యాలు. ఇది జర్మన్‌లోకి మొదట ఎలా వచ్చింది? 1937లో ఇన్సెల్ ప్రచురణ సంస్థ వేసింది. అనువదించినది హెర్బర్ట్ హెర్లిచ్కా. ఎక్కడి నుంచి? ఆర్థర్ వేలీ ఇంగ్లిష్ నుంచి. వేలీ గొప్ప రచయిత, కాదనను. కానీ ఆయన 38వ అధ్యాయాన్ని, 'సుజుముషి'ని, పూర్తిగా వదిలేశారు. ఆయన వదిలేస్తే జర్మన్‌లో మాత్రం ఎలా ఉంటుంది? 54 అధ్యాయాలూ జపనీస్ నుంచే జర్మన్‌లోకి రావడం 1966లో జరిగింది. స్విట్జర్లండ్‌లోని మానెస్సె సంస్థ రెండు సంపుటాలుగా వేసింది. అనువాదకుడు హాంబుర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఓస్కర్ బెన్ల్. మురాకామి కథా అదే, మురాసకి కథా అదే. ముందు ఇంగ్లిష్ మీదుగా, చాలా ఏళ్ళ తర్వాత నేరుగా.

కోతలు కనిపిస్తాయి, లెక్కపెట్టొచ్చు. కనిపించకుండా పోయేవాటి సంగతి చూద్దాం, నాకు అవే ముఖ్యం. జపనీస్‌లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ళ మధ్య దూరమెంతో క్రియ చివర తెలుస్తుంది. రావడం అనే ఒక్క క్రియ తీసుకోండి. చనువున్న చోట 'కురు'. మర్యాదకి 'కిమాసు'. ఎదుటివారి రాకను గౌరవించాలంటే 'ఇరస్షారు'. తన రాకను తగ్గించి చెప్పుకోవాలంటే 'మాయిరు'. మనకిది కొత్తా? వచ్చాడు, వచ్చారు, విచ్చేశారు. మనకు ఎవరూ వివరించక్కర్లేదు. జర్మన్‌లోనూ ఉంది: చనువుకి 'దూ', మర్యాదకి 'జీ'. మన నువ్వు, మీరు లాంటివి. ఇంగ్లిష్‌లో? ఒకటే 'యూ'.

ఇప్పుడు ఇంగ్లిష్ నుంచి జర్మన్ చేసేవాళ్ళ పరిస్థితి ఊహించండి. నవలలో ఇద్దరు అపరిచితులు కలుస్తారు, వంద పేజీల తర్వాత ప్రేమికులవుతారు. 'జీ' నుంచి 'దూ'కి ఏ పేజీలో మారాలి? జపనీస్‌లో ఆధారం ఉంది. ఒక సంభాషణ మధ్యలో, ఒక్క వాక్యంలో, ఆమె మర్యాద ప్రత్యయం వదిలేస్తుంది. కథ మలుపు తిరిగేది అక్కడ. ఇంగ్లిష్‌లో ఆ ముందు వాక్యంలోనూ 'యూ', తర్వాతి వాక్యంలోనూ 'యూ'. ఆధారం చెరిగిపోయింది. జర్మన్ అనువాదకుడు ఊహించి పెట్టాల్సిందే. ఈ చివర ఉన్న భాషకీ ఆ చివర ఉన్న భాషకీ ఉన్న సంపద మధ్య భాషకి లేకపోతే, దారిలో రాలిపోయేది సరిగ్గా ఆ సంపదే.

ఇంకోటి. జపనీస్ వాక్యాల చివర చిన్న చిన్న ముక్కలుంటాయి: 'నె', 'యో', 'నా'. మన 'కదా', 'లే', 'మరి' చేసే పని అవి చేస్తాయి. జర్మన్‌లో 'డోఖ్', 'యా', 'హాల్ట్', 'వోల్' అని ఉన్నాయి. వాక్యం చివర కాదు, మధ్యలో ఇమిడిపోతాయి. మంచి జర్మన్ అనువాదకులు జపనీస్ 'నె'ని ఈ ముక్కల్లో దాచుకుంటారు. ఇంగ్లిష్‌లో వీటికి సరైన జోడీ లేదు, అందుకని అక్కడ చాలావరకు వదిలేస్తారు. ఇంగ్లిష్ నుంచి జర్మన్ చేసేవాడికి ఆ స్థలం ఖాళీ అని కూడా తెలియదు.

అయితే నేరుగా చేస్తే అన్నీ దొరుకుతాయా? దొరకవు, ఈ మాట కూడా చెప్పుకోవాలి. జపనీస్‌లో 'నేను' అనడానికి 'వతషి', 'బొకు', 'ఒరె', 'వషి' అని ఎన్నో ఉన్నాయి. ఒకడు 'బొకు' అంటే మెత్తని కుర్రాడు, 'ఒరె' అంటే కాస్త మొరటు, 'వషి' అంటే ముసలాయన. జర్మన్‌లో 'ఇష్' ఒక్కటే. ఆ తేడాని మాటల ఎంపికలో, వాక్యం పొడవులో, తిట్లలో చూపించాలి. ధ్వన్యనుకరణలూ అంతే. మనకి గలగల, మిలమిల, చిటపట ఉన్నట్టు జపనీస్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి. శబ్దం లేనివాటికి కూడా ఉన్నాయి, మంచు నిశ్శబ్దంగా కురవడానికి 'షిన్‌షిన్' లాగా. జర్మన్‌లో అలాంటి జంటమాట పెడితే పిల్లల పుస్తకంలా వినిపిస్తుంది. అందుకని ఆ ధ్వనిని క్రియలోకి దించుతారు. సన్నగా రాలడానికి ఒక క్రియ, చిటపటమనడానికి ఒక క్రియ, జర్మన్‌లో ఇలాంటి క్రియలకు కొదవ లేదు.

భార్యాభర్తల మాటల్లో ఇంకో చిక్కు. పాతకాలపు జపాన్ నవలల్లో భార్య మర్యాద రూపాల్లో మాట్లాడుతుంది, భర్త చనువు రూపాల్లో జవాబిస్తాడు. మన పెద్దవాళ్ళ ఇళ్ళల్లో ఆవిడ 'ఏమండీ, మీరు' అంటే, ఆయన 'నువ్వు' అన్నట్టే. 20వ శతాబ్దపు జర్మన్ భార్యాభర్తలు మాత్రం ఇద్దరూ 'దూ' అనే అంటారు. భార్య చేత 'జీ' అనిపిస్తే వాళ్ళిద్దరూ విడిపోతున్నారేమో అనుకుంటాడు జర్మన్ పాఠకుడు. మరేం చేయాలి? ఇద్దరికీ 'దూ' పెట్టి, భార్య అడిగే ప్రతి మాటనూ 'చేయగలవా', 'వీలవుతుందా' అనే సంశయార్థక రూపంలో పెడతారు. భర్త మాటలు పొట్టిగా, ఆజ్ఞార్థకంలో పెడతారు. ఎగుడుదిగుడు అలాగే ఉంటుంది, చోటు మారుతుంది.

సరే. ఇదంతా తెలిసిన మనిషి ఎక్కడి నుంచి వస్తాడు? ఏదో సరదాకి జపనీస్ నేర్చుకుంటే వచ్చేది కాదు ఇది.

మొదటి మనిషి వియన్నా వాడు, ఆగస్ట్ ప్ఫిట్స్‌మయర్. వైద్యం చదివిన మనిషి. జపాన్ ఎన్నడూ చూడలేదు. 1847లో ర్యూతెయ్ తనెహికో రాసిన ఒక కథను, 'ఆరు మడతల తెర' అనే పుస్తకాన్ని, జర్మన్‌లోకి తెచ్చి మూలంతో సహా అచ్చు వేయించారు. ఐరోపా భాషల్లోకి వచ్చిన మొదటి జపాన్ నవల అదే. అప్పటికి జపాన్ తలుపులు బయటివాళ్ళకు ఇంకా తెరుచుకోలేదు. గురువు లేడు, సరైన నిఘంటువు లేదు. మూలం చెక్క అచ్చు పుస్తకం. అందులో అక్షరాలు గొలుసుకట్టు రాతలో ఉంటాయి, ఒక అక్షరం ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో కూడా తెలియదు. తప్పులు దొర్లాయి. దొర్లకుండా ఎలా ఉంటాయి? ఆ పరిస్థితిలో అంత దూరం వెళ్ళడమే నన్ను ఆశ్చర్యపరుస్తుంది.

రెండో మనిషి కార్ల్ ఫ్లోరెంత్స్. 1865లో ఎర్‌ఫుర్ట్‌లో పుట్టారు. 1888లో జపాన్ వెళ్ళి టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో జర్మన్ భాషా సాహిత్యాలు చెప్పారు. పాతికేళ్ళకు పైగా అక్కడే. చూడండి, అక్కడ జర్మన్ చెబుతూ, పక్కన జపాన్ పండితుల దగ్గర వాళ్ళ ప్రాచీన గ్రంథాలు చదువుకున్నారు. ఆయన 1894లో 'తూర్పు నుంచి కవుల శుభాకాంక్షలు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక కవితల సంపుటి తెచ్చారు. ముడతల కాగితం మీద, రంగుల బొమ్మలతో, టోక్యోలోనే అచ్చయింది. చాలా అందమైన పుస్తకం. దాని మీదే పెద్ద వివాదం లేచింది.

ఆ వివాదం దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఈ రోజుకీ అది తీరలేదు. మోరితకె అనే 16వ శతాబ్దపు కవి 17 అక్షరాల పద్యం ఒకటి ఉంది. రాలిన పువ్వు కొమ్మకి తిరిగి వెళ్తోందా అని చూస్తే, సీతాకోకచిలుక. అంతే పద్యం. ఫ్లోరెంత్స్ దీనికి జర్మన్‌లో ఒక శీర్షిక పెట్టారు, 'కనుల భ్రమ' అని. ఐదు పాదాలు చేశారు, అంత్యప్రాస వేశారు. ఆశ్చర్యం ఒక పాదం, ఇది వింతే సుమా అని ఒక పాదం, దగ్గరికి వెళ్ళి కళ్ళు చిట్లించి చూశానని ఒక పాదం. మూలంలో వెళ్ళినవాడు లేడు, 'నేను' లేదు, శీర్షిక లేదు. 1895లో 'తెయ్‌కొకు బుంగకు' అనే పత్రికలో ఉఎదా కజుతోషి అనే భాషాశాస్త్రవేత్త దీన్ని తప్పుపట్టారు. క్లుప్తతే ఈ పద్యానికి ప్రాణం, అది పోయాక మిగిలిందేమిటని ఆయన ప్రశ్న. ఫ్లోరెంత్స్ జవాబిచ్చారు. జర్మన్ పాఠకుడికి ఇంత పొట్టి పద్యం కవితలా కనిపించదు, నింపక తప్పదన్నది ఆయన వాదన. నా అభిప్రాయం అడిగితే ఉఎదా వైపే మొగ్గుతాను. శీర్షికే పద్యాన్ని చంపేసింది. భ్రమ అని ముందే చెప్పేస్తే ఇక భ్రమ ఎక్కడుంది? కానీ ఒకటి గమనించండి. మూలం రాసిన దేశం వాళ్ళే నిలదీసి, పత్రికలో రచ్చకెక్కించి ప్రశ్నిస్తే, జవాబు చెప్పుకోవాల్సిన స్థితిలో పనిచేశారాయన. అది ఎంత మంచి కాపలా! ఇంగ్లిష్ మీదుగా పనిచేసేవాడికి ఆ కాపలా ఉండదు.

ఫ్లోరెంత్స్ 1906 నాటికి జపాన్ సాహిత్య చరిత్ర పూర్తి చేశారు. 1914లో హాంబుర్గ్ వచ్చారు. అక్కడి కలోనియల్ ఇన్‌స్టిట్యూట్‌లో జపనాలజీకి, అంటే జపాన్ భాషా సంస్కృతుల అధ్యయనానికి, ఆచార్య పీఠం ఏర్పాటైంది. జర్మనీలో అలాంటి పీఠం అదే మొదటిది. వలసల కోసం పెట్టిన సంస్థ అది, సాహిత్యం మీద ప్రేమతో పెట్టింది కాదు. 1919లో అది హాంబుర్గ్ విశ్వవిద్యాలయంలో కలిసింది. పీఠం అంటే ఒక కుర్చీ కాదు. దానితో గ్రంథాలయానికి డబ్బు వస్తుంది, విద్యార్థులు వస్తారు, ఒకరు వెళ్ళాక ఇంకొకరు వస్తారు. ఒక మనిషి నేర్చుకున్నది ఆ మనిషితో పోకుండా ఉంటుంది.

ఫ్లోరెంత్స్ తర్వాత ఆ పీఠంలోకి వచ్చింది విల్‌హెల్మ్ గుండర్ట్. ఈ పేరు ఎక్కడైనా విన్నారా? మలయాళానికి 1872లో పెద్ద నిఘంటువు చేసిన హెర్మన్ గుండర్ట్ ఉన్నారు కదా, ఆయన మనవడే. మనకు బ్రౌన్ ఎలాగో మలయాళీలకు ఆ గుండర్ట్ అలాగ. విల్‌హెల్మ్ గుండర్ట్ పాండిత్యం గొప్పది. కానీ ఆయన నాజీ పార్టీ సభ్యుడు, ఆ కాలంలోనే విశ్వవిద్యాలయానికి రెక్టర్‌గా కూడా ఉన్నారు. పండితుల చరిత్ర చెప్పేటప్పుడు ఇది దాటేయకూడదు.

ఆ తర్వాత బెన్ల్. 1914లో, అంటే ఆ పీఠం పుట్టిన ఏడే పుట్టారు. యుద్ధానికి ముందు టోక్యోలో చదువుకున్నారు. 1940 నాటికే 'త్సురెజురెగుస' అనే మధ్యయుగపు గ్రంథాన్ని అనువదించారు. తర్వాత జపాన్ కావ్యశాస్త్ర చరిత్ర మీద, 'నో' అనే పాత జపాన్ నాటకాలు రాసిన జెఅమి మీద పుస్తకాలు రాశారు. 1957లో కవాబాత 'మంచు దేశం', 1964లో ఇనొఉఎ యసుషి 'వేట తుపాకి', ఆ తర్వాత రెండేళ్ళకి గెంజి. కవాబాతకి నోబెల్ వచ్చింది 1968లో. అప్పటికి 'మంచు దేశం' జర్మన్‌లో 11 ఏళ్ళ నుంచీ ఉంది. ఒకే మనిషి, ఒక పక్క వెయ్యేళ్ళ నాటి గద్యం, ఇంకో పక్క తన కాలపు నవల. ఈ రెండూ ఒకరే చేయడం ఇప్పుడు అరుదైపోయింది.

గెంజి మొదటి వాక్యం ఒకసారి దగ్గరగా చూద్దాం. 'ఇజురె నొ ఒఓంతొకి ని క...' అని మొదలవుతుంది. నేను తెలుగులో చెబుతాను, వాక్యం నడక చెడకుండా: "ఏ ఏలికవారి కాలంలోనో గానీ, పెద్ద రాణులూ చిన్న రాణులూ ఎందరో కొలువులో ఉండగా, అంత గొప్ప వంశం నుంచి వచ్చినవారు కాకపోయినా, అందరినీ మించి ఆదరం పొందుతూ ఒకరు ఉండేవారు." చూశారా? ఎవరు? పేరు లేదు. ఆడమనిషి అని విడిగా ఒక పదం లేదు. గౌరవం మాత్రం ఉంది, 'తమఉ' అనే సహాయక క్రియలో. మన 'ఉండేవారు'లో 'వారు' ఉన్నట్టే. తెలుగులో చీమ కుట్టినట్టయినా లేదు, క్రియ చివరికి వచ్చింది, కర్త లేకపోయినా వాక్యం నిలబడింది. కానీ జర్మన్‌లో? 'ఒకరు' అనగానే స్త్రీలింగమా పుంలింగమా తేల్చాలి. ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉండాలి. కాబట్టి మూలంలో చిట్టచివర తేలే మనిషి జర్మన్‌లో వాక్యం మొదట్లోనే దిగిపోతుంది. క్రియని చివర ఉంచాలంటే ఉపవాక్యం చేయాలి. ఒక ఉపవాక్యం బాగుంటుంది. నాలుగు ఒకదానిలో ఒకటి పెడితే పాఠకుడు దారి తప్పుతాడు. అందుకని ఎక్కడ విరగ్గొట్టాలో ప్రతి వాక్యానికీ నిర్ణయించుకోవాలి.

ఇంకో పెద్ద తలనొప్పి మనుషుల పేర్లు. గెంజిలో పాత్రలను పేరుతో పిలవరు, హోదాతో పిలుస్తారు. పదోన్నతి వస్తే పిలుపు మారుతుంది. 5వ అధ్యాయంలో ఒక హోదా పేరుతో కనిపించినాయన 30వ అధ్యాయంలో మంత్రి అయిపోయి ఉంటాడు. ఆ పాత హోదా అప్పటికి ఇంకొకరికి వెళ్ళి ఉంటుంది. అలాంటప్పుడు ఏం చేస్తారు? పట్టిక రాసుకుంటారు. అధ్యాయం, వయసు, హోదా, ఎవరితో మాట్లాడేటప్పుడు ఏ గౌరవ క్రియ వాడారు. కర్త లేని వాక్యంలో మాట్లాడుతున్నది ఎవరో ఆ గౌరవ క్రియే పట్టిస్తుంది. అయినా సందేహం తీరకపోతే పాత వ్యాఖ్యానాలు తీయాలి. 1673 నాటి కితమురా కిగిన్ 'కొగెత్సుషో' లాంటివి. మన కావ్యాలకు టీకా తాత్పర్యాలు ఉన్నట్టే. వ్యాఖ్యాతలే రెండు రకాలుగా చెబితే ఒకటి ఎంచుకుని, ఎందుకో వివరణలో రాయాలి. ఇది పండితుడి పని, భాష వచ్చినంత మాత్రాన అయ్యేది కాదు.

ఇక మన కాలానికి వద్దాం. ఇర్మెలా హిజియా-కిర్ష్నరైట్. 1948లో పుట్టారు. ఆవిడ ఉద్యోగ జీవితం చూస్తే ఈ వృత్తి మెట్లన్నీ అర్థమవుతాయి. మొదటి మెట్టు డాక్టరేట్: 1975లో బోఖుమ్‌లో, మిషిమా అనే జపాన్ రచయిత నవల ఒకదాని మీద. రెండో మెట్టు హబిలిటాట్సియోన్. మన దగ్గర ఇది లేదు, కాబట్టి చెబుతాను. డాక్టరేట్ తర్వాత ఇంకో పెద్ద గ్రంథం రాయాలి. అది ఒప్పుకుంటేనే ఆచార్య పదవికి అర్హత. ఆవిడ రాసింది 'షిషోసెత్సు' మీద, అంటే రచయిత తన జీవితాన్నే నవలగా రాసే జపాన్ పద్ధతి మీద. 1981లో పుస్తకంగా వచ్చింది. తర్వాత టోక్యోలో హితొత్సుబషి, ఆ వెంటనే 1986లో ట్రీర్, 1991 నుంచి బెర్లిన్ ఫ్రీ విశ్వవిద్యాలయం. 1992లో లైబ్‌నిత్స్ పురస్కారం, జర్మనీలో పరిశోధనకు ఇచ్చే అతి పెద్ద గౌరవం. 1996 నుంచి 2004 దాకా టోక్యోలోని జర్మన్ జపాన్ అధ్యయన సంస్థకు డైరెక్టర్.

ఇందులో అనువాదం ఎక్కడుంది? అడగాల్సిన ప్రశ్న. ఈ మెట్లలో ఒక్కటి కూడా నవల అనువదించి ఎక్కింది కాదు. పాత తరంలో వ్యాఖ్యతో కూడిన ప్రాచీన గ్రంథ అనువాదాన్ని డాక్టరేట్‌కి ఒప్పుకునేవారు. సమకాలీన నవల అనువాదానికి ఆ గుర్తింపు లేదు. అంటే అనువాదం సెలవుల్లో చేయాలి, రాత్రిళ్ళు చేయాలి. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఒక నవలని వాక్యం వాక్యం విప్పి కట్టిన మనిషికి ఆ నవల గురించి తెలిసినంత, దాని మీద వ్యాసం రాసినవాళ్ళకు తెలియదు.

అయినా ఆవిడ చేశారు. పైగా తనొక్కరే చేయడం కాకుండా ఇతరుల చేత చేయించే దారి వేశారు. 1990లో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనలో జపాన్ ప్రధాన అంశం. ఆ ఏడాదే ఇన్సెల్ సంస్థ 'యాపానిషె బిబ్లియోటెక్' అనే గ్రంథమాల మొదలుపెట్టింది, సంపాదకురాలు ఆవిడే. 2000 దాకా నడిచింది, 30కి పైగా సంపుటాలు. ప్రాచీనమూ ఉంది, ఆధునికమూ ఉంది, కవిత్వమూ ఉంది. నియమం ఒకటే: జపనీస్ నుంచి నేరుగా రావాలి. వెనక ఒక పండితుడు రాసిన మాట ఉండాలి. 1937లో గెంజిని ఇంగ్లిష్ నుంచి వేసింది కూడా ఇన్సెల్ సంస్థే కదా. అర్ధశతాబ్దంలో ఎంత మార్పు!

బెర్లిన్ గోడకి అటువైపు, తూర్పు జర్మనీలోనూ ఈ పని జరిగింది. హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో యూర్గెన్ బెర్న్‌ట్ అకుతగవ కథలు తెచ్చారు, ఫోల్క్ ఉంట్ వెల్ట్ సంస్థ వేసింది. ఆ కథ వేరుగా చెప్పుకోవాలి.

నిఘంటువు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పాలి. మీకో ప్రశ్న. జపనీస్ నుంచి జర్మన్ చేసే మనిషి, తెలియని మాట వస్తే దేంట్లో చూస్తాడు? 1937లో కిముర కింజి చేసిన జపనీస్-జర్మన్ నిఘంటువు ఉంది. దాని తర్వాత ఆ స్థాయిలో దశాబ్దాల పాటు ఇంకోటి రాలేదు. యుద్ధం తర్వాత జపాన్‌లో పుట్టిన మాటలు అందులో ఎలా ఉంటాయి? అందుకని అనువాదకులు కెంక్యూషా వాళ్ళ పెద్ద జపనీస్-ఇంగ్లిష్ నిఘంటువు తీసేవారు. చూశారా, మూలం నుంచి నేరుగా చేస్తున్నా, బల్ల మీదికి ఇంగ్లిష్ మళ్ళీ వచ్చి కూర్చుంది! ఇంగ్లిష్‌లో ఒక మాట, దానికి జర్మన్ సమానార్థకం, అది రాసేస్తే ఇంగ్లిష్ ఛాయ ఉండిపోతుంది. దీన్ని తీర్చడానికే పెద్ద జపనీస్-జర్మన్ నిఘంటువు. యూర్గెన్ ష్టాల్ఫ్, హిజియా-కిర్ష్నరైట్, వోల్ఫ్‌గాంగ్ ష్లెఖ్ట్, ఉఎద కోజి సంపాదకులు. మొదటి సంపుటం 2009లో, రెండోది 2015లో, మూడోది 2022లో. 1,30,000కు పైగా పదాలు. మొదటి సంపుటానికీ చివరి సంపుటానికీ మధ్య 13 ఏళ్ళు. ఇది కూడా ఎవరికీ పదోన్నతి తెచ్చే పని కాదు. కానీ ఇకపై అనువదించే ప్రతి మనిషికీ అది పనికొస్తుంది.

డబ్బు మాట కూడా అనుకుందాం, మొహమాటం ఎందుకు? ఇప్పుడు జర్మనీలో నవలలు అనువదించేవాళ్ళు ఎక్కువమంది ఆచార్యులు కారు. జపనాలజీ చదివి, స్వతంత్రంగా పనిచేసేవాళ్ళు. గ్రేఫె అలాంటివారే. లెక్క 'నార్మ్‌జైటె' మీద ఉంటుంది, అంటే ప్రామాణిక పేజీ: 30 వరసలు, వరసకి 60 అచ్చు స్థానాలు. పేజీకి 20 యూరోలు అనుకోండి, 300 పేజీల నవలకి 6,000. ఆరు నెలలు పడితే నెలకి వెయ్యి. జర్మనీలో దానితో బతకలేరు. అమ్మకాల్లో వాటా కావాలని అనువాదకులు కోర్టుకెక్కారు. 2009లో అత్యున్నత న్యాయస్థానం తేల్చింది: మామూలు పేజీ ధర ఇచ్చిన చోట, 5,000 ప్రతులు దాటాక, గట్టి అట్ట పుస్తకానికి 0.8 శాతం, పేపర్‌బ్యాక్‌కి 0.4 శాతం. చాలా పుస్తకాలు 5,000 దాటవు, కాబట్టి చాలామందికి అది చేతికి రాదు. అందుకే 1997లో ఏర్పడిన జర్మన్ అనువాదకుల నిధి, 1978 నుంచి ష్ట్రాలెన్ అనే చిన్న ఊళ్ళో నడుస్తున్న అనువాదకుల నివాసం, ఇవి ముఖ్యమయ్యాయి. జపనీస్ నుంచి చేసేవారికి గంటలు ఎక్కువ పడతాయి, పేజీ ధర మాత్రం ఇంగ్లిష్ నుంచి చేసేవారికి ఉన్నట్టే ఉంటుంది. ప్రచురణకర్తలు ఇంగ్లిష్ మీదుగా ఎందుకు వెళ్ళేవారో ఇప్పుడు అర్థమైందా? తెలిసినవాళ్ళు తక్కువ, సమయం ఎక్కువ, ఇంగ్లిష్ ప్రతి ఎదురుగా సిద్ధంగా ఉంది.

చివరగా ఒక పుస్తకం. కవయిత్రి ఇతో హిరోమి. ఆవిడ కవితలను హిజియా-కిర్ష్నరైట్ 1993లోనే జర్మన్‌లోకి తెచ్చారు. ఇతో 2007లో రాసిన నవల ఒకటుంది, టోక్యోలో సుగమో అనే చోట ముల్లు తీసే జిజో దేవుడి పేరు మీద. అది హిజియా-కిర్ష్నరైట్ అనువాదంలోనే 2021లో జర్మన్‌లో వచ్చింది. కూతురు కాలిఫోర్నియాలో, తల్లిదండ్రులు జపాన్‌లో మంచాన పడి. మన ఇళ్ళల్లో చాలామందికి తెలిసిన కథే. అందులో ప్రతి అధ్యాయం చివర, ఈ అధ్యాయంలో ఎవరెవరి గొంతులు అరువు తెచ్చుకున్నానో రచయిత్రి రాస్తుంది. పాత కవులు, కథలు, పాటలు. ఎక్కడ అరువు తెచ్చుకుందో మాత్రం చెప్పదు. మాటలు వాక్యాల్లో కలిసిపోయి ఉంటాయి. జపాన్ పాఠకుడికి చదువుతుంటే చెవిలో మోగుతుంది. అనువాదకురాలు ముందు ఆ ముక్కను పట్టుకోవాలి. తర్వాత అది అరువు గొంతని జర్మన్‌లో తెలిసేలా, పక్క వాక్యం కంటే కాస్త పాతగానో, కాస్త లయగానో పెట్టాలి. పట్టుకోలేకపోతే తప్పు అనువాదం అవదు, అర్థం సరిగ్గానే ఉంటుంది. గొంతు ఒక్కటే పోతుంది. సంపాదకుడు కూడా కనిపెట్టలేడు.

మన హైదరాబాదులోనే, ఇఫ్లూ అనే విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, జపనీస్ కూడా నేర్పుతున్నారు, జర్మన్ కూడా నేర్పుతున్నారు. మనకు జపాన్ సాహిత్యం ఇప్పటిదాకా ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగానే వచ్చింది. జపనీస్ చదువుతున్నవాళ్ళు ఈ సభలో కొందరున్నారని తెలిసింది. మీరొక కథ తీసుకోండి, పదిహేను పేజీలు మించనిది. తెలుగు మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద ఎవరు ఎవరిని ఏ రూపంలో పలకరించారో పేజీ అంకెలతో రాసుకోండి. నువ్వా, మీరా, తమరా అని దాని పక్కన పెన్సిల్‌తో రాయండి, పెన్ను వద్దు, మారుతుంది. ఆ తర్వాత అదే కథ ఇంగ్లిష్ ప్రతి దొరికితే పక్కన పెట్టుకుని ఆ కాగితంతో పోల్చి చూడండి. ఇక ప్రశ్నలు తీసుకుందాం, ముందు వరసలో చెయ్యెత్తిన అమ్మాయి నుంచి.